మోకాళ్ల ప్రార్థన

వెల్దుర్తి దాటి, హైవే విడిచి లోపలికి పోతే వచ్చే ఆ పల్లెలో, ఆదివారం జీవమ్మ ప్రార్థన ఎత్తుకుందంటే గుడిలో కూర్చున్నవాళ్లంతా తమ పేరు ఎప్పుడొస్తుందా అని చెవి ఒగ్గేవాళ్లు. పేటలో చర్చిని ఎవరూ చర్చి అనరు, గుడి అనే అంటారు. ఆ గుడి ముందు నుంచి రెండు వరసల ఇళ్లు కిందికి దిగుతాయి. జీవమ్మ కొంగు తల మీద కప్పుకుని, బండల మీద మోకాళ్లూని, కళ్లు మూసుకుని, గుడిని ఆనుకున్న మొదటి ఇంటితో మొదలుపెట్టేది. ఆ ఇంట్లో ఎవరికి జ్వరం, ఎవరికి నెలలు నిండినాయి, ఎవరు మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయినారు, అన్నీ పేరుపేరునా దేవునికి అప్పజెప్పి పక్కింటి గడప ఎక్కేది. ఒక వరస అంతా దిగి, బోరింగు దగ్గర మళ్లుకుని, రెండో వరస ఎక్కి వచ్చి, చివరకు తన ఇంటి దగ్గర ఆగి ఆమేన్ అనేది.

ఆ వరస ఆమెకు గుడిలో అబ్బింది కాదు. భర్త దావీదురాజు గనుల్లో నాపరాయి కొట్టి కొట్టి, దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, కొడుకు జయకుమార్ ఇంకా బడికి పోయే వయసులోనే పోయినాడు. ఆ తర్వాత జీవమ్మ కూలిమందికి పెద్దయింది. రేపు శనక్కాయ పెరకడానికి ఇంతమంది కావాలి, ఉల్లి కోతకు ఇంతమంది కావాలి అని రైతులు సాయంత్రం వచ్చి ఆమెకే చెప్పిపోయేవాళ్లు. తెల్లవారుతూనే ఆమె గడప గడపకూ పోయి ఆడోళ్లను లేపేది. ఎవరు బాలింత, ఎవరికి నడుము పట్టింది, ఎవరి మొగుడు తాగొచ్చి ఇల్లు పీకి పందిరేసినాడు, ఇవన్నీ తెలిస్తేగాని మందిని కూడగట్టడం కుదిరేది కాదు. చదువు అక్షరాల దగ్గరే ఆగిపోయిన మనిషి కాబట్టి అన్నీ తలలోనే పెట్టుకునేది. వెనకటి పాస్టరయ్య ఒకాయన ఒక ఆదివారం ఉన్నట్టుండి ఆమెను ప్రార్థన చేయమంటే, ఏం చేయాలో తెలియక, కూలికి పిలిచే వరసలోనే ఇళ్లన్నీ తిరిగొచ్చింది. అది జనానికి నచ్చింది. అప్పటినుంచి ఆ ప్రార్థన ఆమెదే అయిపోయింది.

రెజీనా ఆ ఇంటికి కోడలై వచ్చిన మొదటి ఆదివారం ఆడోళ్ల వెనక వరసలో గోడకు ఒదిగి కూర్చుంది. తొమ్మిదో తరగతి మధ్యలో, జబ్బుతో పడిన తల్లిని చూసుకోవడానికి బడి మానేసిన పిల్ల. నలుగురిలో నోరు తెరవాలంటే గొంతు పట్టుకుపోయేది. మాట్లాడలేని మనిషి చూడడం బాగా నేర్చుకుంటుంది కాబట్టి, అత్త ప్రార్థన చేస్తుంటే ఎవరి పేరుకు ఎవరి ముఖం ఎట్లా మారుతోందో చూస్తూ ఉండింది. ఆఖరున జీవమ్మ తన ఇంటి గడప దగ్గరికొచ్చి, "మా ఇంటికొచ్చిన బిడ్డ రెజీనాను సల్లగ చూడు తండ్రీ" అన్నది. అంతవరకు రెజీనా పేరును గట్టిగా, నలుగురూ వినేటట్లు, దేవుని ముందర పలికినవాళ్లు ఎవరూ లేరు. కన్నీళ్లు కనపడకుండా తల బాగా వంచుకుంది.

అటువంటి అత్త, పోయిన ఎండాకాలం ఒక ఆదివారం, లేవి ఇంటి గడప దగ్గరికి వచ్చింది.

లేవికి పక్షవాతం వచ్చి చానాళ్లు మంచం మీద ఉన్నాడు. అన్నాళ్లూ జీవమ్మ ప్రతి వారం ఆయనను లేపమని దేవుణ్ని అడిగింది. ఆయన పోయినాడు. సమాధి దగ్గర పాట ఎత్తుకున్నదీ జీవమ్మే, గుంటలోకి మొదట పిడికెడు మట్టి వేసిన ఆడమనిషీ జీవమ్మే. అది జరిగి నెల తిరగలేదు. ఆ ఆదివారం ఆమె కళ్లు మూసుకుని, ఎప్పటి గొంతుతోనే, "ప్రభువా, మంచం మీద ఉండే నీ దాసుడు లేవిని చేయి పట్టి లేపు, మళ్లా ఈ గుడికి నడిపించుకో తండ్రీ" అన్నది.

పైన ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప గుడిలో ఇంకేమీ వినపడలేదు. లేవి భార్య హంపమ్మ కొంగు తీసి నోట్లో కుక్కుకుంది. జీవమ్మకు ఏమీ తెలియలేదు. లేవి ఇల్లు దిగి పక్కింటికి పోయింది, ఆ ఇంట్లో పరీక్షలు రాసే పిల్లలను దీవించమంది. రెజీనాకు ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. తప్పు చేసింది తానే అయినట్లు బండల వైపు చూస్తూ కూర్చుండిపోయింది. ప్రార్థన అయినాక హంపమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చినాక జీవమ్మ అడిగింది, ఏమ్మే, అందరూ గమ్మున పోతాండారు, ఎవరితోనన్నా పేచీ అయిందా అని. రెజీనా చెప్పక తప్పలేదు. జీవమ్మ కొంతసేపు నమ్మలేదు. తర్వాత గోడకు వీపు ఆనించి కూర్చుని, తన కుడి చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "ఈ చేత్తోనే కదా మట్టి వేసింది" అన్నది. ఆ పూట అన్నం తినలేదు.

రెజీనా అంతకుముందు నుంచే కొన్ని గమనిస్తూ ఉండింది. దుకాణానికి పోయి వచ్చే దోవలో ఎందుకు పోయిందో మరిచి ఉత్త చేతులతో తిరిగొచ్చేది. పొద్దున చెప్పిన మాటనే మధ్యాహ్నం కొత్తగా చెప్పేది. కూలిమందిని పిలవడం రెండేళ్ల కిందటే మానేసింది, వయసైపోయిందని అందరితో చెప్పింది. నిజానికి ఒకే ఇంటికి రెండుసార్లు పోయి పిలిచిందని, వాళ్లు నవ్వినారని, రెజీనాకు తెలుసు. అయినా తెలియనట్లే ఉండింది. చెబితే అది నిజమైపోతుందేమోనని భయం.

జయకుమార్ డోన్‌లో గూడ్సు షెడ్డు దగ్గర లోడింగు పనికి పోతాడు. లేవి ప్రార్థన సంగతి అతని దాకా పోయినాక, ఒక రోజు పని మానుకుని తల్లిని కర్నూలులో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయినాడు. అక్కడి డాక్టరు ఓపికస్తుడు. జీవమ్మ చేత గడియారం బొమ్మ గీయించినాడు, కొన్ని మాటలు చెప్పి కాసేపటికి తిరిగి చెప్పమన్నాడు, తలకు ఫిల్ములు తీయించినాడు. ఇది పిచ్చి కాదన్నాడు. మనిషిని పూర్తిగా మరిపించే ముసలితనపు జబ్బు కూడా ఇంకా కాదు, దానికి ముందు మెట్టు లాంటిది అన్నాడు. కొందరికి ముదురుతుంది, కొందరికి అట్లే నిలబడిపోతుంది, ఎవరికి ఏమవుతుందో ముందుగా చెప్పలేమన్నాడు. దీనికి గట్టి మందు ఏదీ లేదు గానీ, తలకు సన్నగా కరెంటు పంపి, ఆ సమయంలోనే జ్ఞాపకశక్తికి పని చెప్పే పద్ధతి ఒకటి పరీక్షిస్తున్నాం, ఇష్టమైతే చేరొచ్చు అన్నాడు.

కరెంటు అన్న మాట వినగానే జయకుమార్ కుర్చీలోంచి లేచినాడు.

వాళ్ల పేటలో కరెంటు ఓబుళేశు అని ఒకాయన ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు మనసు చెడి, ఊరు విడిచి పరిగెత్తుతుంటే పట్టుకుపోయి ఆసుపత్రిలో కరెంటు పెట్టించినారు. ఆయనకు నయమైంది. వచ్చి సేద్యం చేసుకున్నాడు, బిడ్డలను పెంచుకున్నాడు, ఎవరితో ఒక్క మాట తూలింది లేదు. కానీ పేరు మాత్రం పోలేదు. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ ఇంటి మనవణ్ని ఇప్పటికీ కరెంటోళ్ల పిల్లోడు అనే పిలుస్తారు. ఆ పేరుతో జయకుమార్ కూడా చిన్నప్పుడు ఓబుళేశును నోరారా పిలిచినవాడే.

డాక్టరు అది వేరే, ఇది వేరే అని చెప్పినాడు. దీనికి మత్తు ఇవ్వరు, ఫిట్సు రావు. టార్చిలైటు బ్యాటరీ లాంటి దానితో నడిచే చిన్న పెట్టె, ఉప్పు నీళ్లలో తడిపిన రెండు స్పాంజీలు, తలకు ఒక పట్టీ, అంతే. కొంచెం దురద పెడుతుంది, చురచురమంటుంది. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పినాడు. ఇది పరీక్ష కాబట్టి కొందరికి నిజంగా కరెంటు పోతుంది, కొందరికి మొదట కాస్త చురుక్కుమనిపించి పెట్టె దానంతటదే ఆగిపోతుంది. ఎవరికి ఏదో పేషెంటుకు తెలియదు, పెట్టె పెట్టేవాళ్లకూ తెలియదు, అన్నీ అయినాకే తెలుస్తుంది.

అంతవరకు మాట్లాడని జీవమ్మ అప్పుడు నోరు విప్పింది. "అబద్ధం ఆడతామేమో అని ముందే చెప్పి ఆడేటోళ్లను ఇప్పుడే చూస్తాండా సారూ. మీరు మేలు. పెట్టండి" అన్నది. డాక్టరు నవ్వినాడు. కొడుకు వద్దని గొణుగుతూనే ఉన్నాడు. జీవమ్మ అతని వైపు చూడకుండా, తల తనదేనని చెప్పి ఒప్పుకుంది.

అట్లా వారంలో ఆదివారం, శనివారం తప్ప రోజూ అత్తాకోడళ్లు కర్నూలు బస్సు ఎక్కడం మొదలైంది. రెండో రోజో మూడో రోజో, బోరింగు దగ్గర బిందె పెట్టుకున్న రెజీనాకు హంపమ్మ ఎదురైంది. లేవి ప్రార్థన తర్వాత ఆమె ఈ ఇంటోళ్లతో మాట్లాడడం అదే మొదలు. దినామూ యాడికి పోతాండారని మామూలుగానే అడిగింది. తలకు అని చెబితే ఆ ఆదివారం సంగతి మళ్లీ ఇద్దరి మధ్యకు వస్తుంది. కరెంటు అని చెబితే అత్తకు ఆ పేరు తగులుకుంటుంది. నోరు దానంతటదే కదిలింది.

"మోకాళ్లు పిన్నీ. కరెంటు పెడతాండారు" అన్నది.

అది పూర్తి అబద్ధం కూడా కాదనిపించింది ఆ క్షణంలో. మోకాళ్ల నొప్పులకు వెల్దుర్తిలో కూడా కరెంటు పెడతారు, పేటలో సగం మంది పెట్టించుకున్నవాళ్లే. ఆ కరెంటుకు సిగ్గు లేదు. హంపమ్మ తల ఊపి, పెట్టించుకోనీలే, మా అన్నకూ పెట్టినారు అని బిందె ఎత్తుకుని పోయింది. రెజీనా ఊపిరి పీల్చుకుంది. ఇంత తేలికగా అయిపోయిందే అనుకుంది.

అయిపోలేదు. వచ్చిన ఆదివారం పాస్టరు హెన్రీ, జీవమ్మగారి మోకాళ్ల కొరకు సంఘమంతా ప్రార్థించాలని చెప్పినాడు. ఆయన కడప వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, జనం ఏది చెబితే అది నమ్మేవాడు. గుడి గుడంతా తలలు వంచి జీవమ్మ మోకాళ్ల కోసం ప్రార్థన చేసింది. జీవమ్మ తల వంచలేదు. కళ్లు తెరిచి కోడలి వైపు చూసింది. రెజీనా చూపు తిప్పుకుంది.

ఇంటి దగ్గర జీవమ్మ నిలదీసింది. దేవుని ముందర నా మోకాళ్ల మీద ఎందుకమ్మే అబద్ధం చెప్పినావు, అవి పాపం నన్ను ఇంతకాలం మోసినాయి కదా అన్నది. రెజీనా మెల్లగా కరెంటు ఓబుళేశు మాట ఎత్తింది. ఓబుళేశు బతికున్నప్పుడు ఆ పేరుతో పిలవకుండా, ఉత్త ఓబుళేశన్నా అని పిలిచిన ఒకే ఒక్క మనిషి జీవమ్మ. కానీ ఆ పేరు ఎంత బరువో ఆమెకూ తెలుసు.

ఇక అక్కడి నుంచి కుంటడం మొదలుపెట్టాల్సి వచ్చింది. మతిమరుపు మనిషికి కుంటాలని గుర్తు పెట్టుకునే పని. బస్సు ఎక్కేటప్పుడు రెజీనా మోచేత్తో పొడిస్తే, అత్త కడ్డీ పట్టుకుని అమ్మా అంటూ ఎక్కేది. దిగేటప్పుడు మరిచిపోయి దుమికినట్టే దిగేది. ఒక రోజు కుడి కాలు ఈడిస్తే ఇంకో రోజు ఎడమ కాలు ఈడ్చేది. ఏ కాలమ్మే మనది అని బస్సులో గట్టిగానే అడిగింది ఒకసారి. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగినాక రెజీనాకు ఏడుపొచ్చింది.

ఆసుపత్రిలో ఒక అమ్మాయి స్పాంజీలు తడిపి, ఒకటి ఎడమ కనుబొమ్మకు పైన, వెంట్రుకలు మొదలయ్యే చోట, ఇంకొకటి కుడి కన్ను మీది నొసట పెట్టి పట్టీ బిగించేది. ఉప్పు నీళ్లు చెంప మీదికి కారేవి. పెట్టె మీద చిన్న దీపం వెలిగేది. అది వెలిగినంతసేపు ఆ అమ్మాయి బొమ్మలు చూపించి పేర్లు అడిగేది, ముఖాలు చూపించి వాళ్ల ఊరేదో చెప్పి మళ్లీ అడిగేది. జీవమ్మ మొదట్లో తడబడేది. తర్వాత ఆ ముఖాలనన్నిటినీ తమ పేట ఇళ్లల్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఈ మీసాలాయనను కడుపుతో ఉండే నిస్సీ వాళ్ల ఇంట్లో కూర్చోబెట్టినా, ఈ కళ్లద్దాలామెను బోరింగు కాడ నిలబెట్టినా అని చెప్పేది. కొన్ని రోజులు బాగా చెప్పేది, కొన్ని రోజులు ఒక్కటీ వచ్చేది కాదు. కరెంటు నిజంగా పోతోందా, పోతున్నట్లు నటిస్తోందా, రెజీనాకు అర్థం కాలేదు. పక్కన కూర్చుని ఆ చిన్న దీపం వైపే చూసేది. ఆ పెట్టె అబద్ధమాడినా ముందే చెప్పి ఆడుతోంది, తాను అట్లా కూడా చేయలేదు అనుకునేది.

పట్టీ విప్పినాక నొసట రెండు ఎర్రటి మచ్చలు పడేవి. సాయంత్రానికి పోతాయి గానీ, ఊరు చేరేసరికి ఇంకా ఉండేవి. పక్క వీధి నాగలక్ష్మమ్మ బస్టాపు దగ్గర చూసి, "ఏం జీవమ్మా, బొట్టు పెట్టినావే, మాలో కలుస్తాండావా ఏంది?" అని నవ్వింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నొసట బొట్టు ఎరగని జీవమ్మ కూడా నవ్వేసి, పెట్టుకునేదాన్నయితే రెండెందుకు పెట్టుకుంటా, ఒకటి నీదే పోయి ఇక్కడ పడినట్లుంది అని తిప్పికొట్టింది. రెజీనా మాత్రం అత్త కొంగును నొసల మీదికి ఇంకొంచెం లాగింది. మోకాళ్లకు పెట్టే కరెంటు నొసట ఎర్రబడుతుందా అని నాగలక్ష్మమ్మ అడగలేదు. అడగకపోవడమే రెజీనాకు ఎక్కువ భయమైంది.

గుడిలో జీవమ్మకు ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేసినారు. ఆడోళ్లందరూ బండల మీద కూర్చుంటే తానొక్కతే కుర్చీలో కూర్చోవడం ఆమెకు ముళ్ల మీద కూర్చున్నట్లుండేది. ప్రార్థన సమయం వచ్చినప్పుడు పాస్టరు, కూర్చునే చేయండమ్మా అన్నాడు. జీవమ్మ కళ్లు మూసుకుంది. చాలాసేపు నోట మాట రాలేదు. తర్వాత, మీరే కానీయండయ్యా అన్నది. పాస్టరు సంఘాన్నంతా కలిపి ఒకే ముక్కలో దీవించి ముగించినాడు. ఎవరి పేరూ రాలేదు.

ఆ రోజు ఇంటికి వస్తూ జీవమ్మ చెప్పింది, "కుర్చీలో కూర్చుంటే నాకు వీధి కనపడదమ్మే. మోకాళ్ల మీద ఉంటేనే గడపలు ఎక్కగలిగేది."

అనలేనిదాన్ని లోపల దాచుకోవడం రెజీనాకు అలవాటే. కానీ ఆ మాట విన్నప్పుడు తన లోపల ఏమున్నదో తానే చూసి బెదిరిపోయింది. అత్త ప్రార్థన చేయకపోవడం ఆమెకు బాధ కలిగించలేదు. హాయిగా ఉండింది. కుర్చీలో ఉన్నంతకాలం ఇంకో లేవి సంగతి జరగదు. వెనక వరసలో తనకు ఒళ్లు మండదు. మోకాళ్ల అబద్ధం అత్త పరువు కోసమని ఇన్నాళ్లు తనకు తాను చెప్పుకుంది. అది తన సిగ్గు కోసం. కూలి పని పోయిన మనిషికి మిగిలిన ఒక్క పనిని కూడా తన అబద్ధమే కుర్చీ వేసి ఆపింది.

ఆ సంగతి తెలిసినాక కూడా ఆమె కుర్చీ తీయించలేదు. ఒక ఆదివారం, ఇంకో ఆదివారం గడిచిపోయినాయి. పాస్టరు వారం వారం మోకాళ్ల కోసం ప్రార్థన చేయించినాడు.

ఆసుపత్రిలో కరెంటు పెట్టడం ముగిసింది. డాక్టరు మళ్లీ మాటలు చెప్పించి చూసినాడు, మొదటిసారి కన్నా కాస్త ఎక్కువే చెప్పింది జీవమ్మ. అది కరెంటు వల్లనా, రోజూ చేయించిన అభ్యాసం వల్లనా ఇప్పుడే చెప్పలేనన్నాడు. కొన్ని నెలల తర్వాత రమ్మన్నాడు. సంతోషపడాలో లేదో తెలియకుండా వాళ్లు బస్సెక్కినారు.

ఆ తర్వాతి ఆదివారం పాట అయిపోయింది. పాస్టరు హెన్రీ, ప్రార్థించుకుందాం అన్నాడు. ఆ మాట అన్నాక ఇన్నేళ్లుగా ఏం చేస్తుందో అదే చేసింది జీవమ్మ. కుర్చీలోంచి లేచి, కొంగు తల మీదికి లాక్కుని, బండల మీద మోకాళ్లూనింది. ఒక్క చేయి కూడా ఆనించుకోలేదు. వయసులో ఉన్న ఆడపిల్ల కూర్చున్నట్లు కూర్చుంది.

అత్త మరిచిపోయింది. కుంటాలని మరిచిపోయింది.

పాస్టరు కళ్లు పెద్దవి చేసుకుని చూసినాడు. తర్వాత చేతులు పైకెత్తి, దేవుడు సంఘ ప్రార్థన విన్నాడు, మన కళ్ల ముందరే ఒక అద్భుతం జరిగింది అన్నాడు. నిజంగానే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. జీవమ్మను లేపి, సంఘం వైపు తిప్పి నిలబెట్టినాడు. సాక్ష్యం చెప్పమన్నాడు. మేలు పొందిన మనిషి లేచి నిలబడి ఆ మేలు నలుగురికీ చెప్పడం అక్కడి ఆచారం, చెప్పకపోతే దేవుని దగ్గర దాచినట్లు.

"చెప్పండమ్మా. మీ మోకాళ్లకు దేవుడు ఏం చేసినాడో చెప్పండి."

జీవమ్మ పాస్టరు వైపు చూసింది, తన కాళ్ల వైపు చూసుకుంది. తర్వాత ఆడోళ్ల మధ్య కళ్లతో వెతికి కోడలిని కనిపెట్టింది.

"నా మోకాళ్లకేమైంది రెజీనా?"

నటన కాదు. ఆ ముఖంలో నిజంగానే ఏమీ లేదు. అబద్ధం మొత్తం ఆమె తలలోంచి పోయింది. అది ఇప్పుడు రెజీనా ఒక్కదాని దగ్గరే ఉంది.

రెజీనా చుట్టూ చూసింది. ఆమె అప్పుడు గమనించింది. పాస్టరు తప్ప ఎవరూ జీవమ్మ వైపు చూడడం లేదు. ఎవరూ హల్లెలూయ అనలేదు. హంపమ్మ కొంగు అంచు దారాన్ని వేలికి చుట్టుకుంటోంది. నిస్సీ తల వంచుకుంది. మగవాళ్ల వైపున జయకుమార్ గోడ చూస్తున్నాడు, అతని పక్కనున్నవాళ్లు వాళ్ల చేతులు చూసుకుంటున్నారు. అంతమందీ సిగ్గుపడుతున్నారు. తమ కోసం కాదు, జీవమ్మ కోసం. అంటే మోకాళ్లు అబద్ధమని అంతమందికీ తెలుసు.

నయమైంది అత్తా, దేవుడు నయం చేసినాడు అని చెబితే చాలు. పాస్టరు సంతోషిస్తాడు, అందరూ ఆమేన్ అంటారు, కుర్చీ పోతుంది. రెజీనా నోటి దాకా ఆ మాట వచ్చింది. దాన్ని మింగి లేచి నిలబడింది. గుడిలో ఆమె నిలబడి మాట్లాడడం అదే మొదటిసారి.

"ఏం కాలేదత్తా. నీ మోకాళ్లకు ఎప్పుడూ ఏం కాలేదు. కరెంటు నీ తలకు పెట్టించినాం, మతి కోసరం. మోకాళ్లని చెప్పింది నేను. నాకు సిగ్గై చెప్పినా" అన్నది.

పాస్టరు ఎత్తిన చేతులు ఎప్పుడు దించుకున్నాడో ఎవరూ చూడలేదు. పాపం, ఆయన చెవులు ఎర్రబడినాయి. ఇంకాస్త ఎక్కువసేపు ఆ నిశ్శబ్దం ఉండుంటే రెజీనా బయటికి నడిచిపోయేదే. హంపమ్మ కూర్చున్న చోటి నుంచే మాట్లాడింది.

"నువ్వు బోరింగు కాడ చెప్పిన పొద్దే తెలుసు లేమ్మే. మోకాళ్లు నొచ్చేటోళ్లు మీ అత్త మాదిరి గొంతుకూర్చోని శనక్కాయలు ఒలుస్తారా?"

ఎక్కడో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. జీవమ్మకు ఇప్పుడిప్పుడే సంగతి అందుతోంది. కోడలి మీద కోపం తెచ్చుకోలేదు. హంపమ్మ వైపు తిరిగి, ఆశ్చర్యంగా అడిగింది.

"మరి తెలిసీ నా మోకాళ్లకు ఎందుకే ప్రార్థన చేసినారు ఇన్నాళ్లు?"

"నీ కోడలు మోకాళ్లని చెప్పింది కదక్కా. నొప్పి యాడుండాదో దేవునికి తెలీదా ఏంది" అన్నది హంపమ్మ.

ఆ మాటలో ఓదార్పు ఉందో ఎత్తిపొడుపు ఉందో రెజీనా తేల్చుకోలేకపోయింది. రెండూ ఉండొచ్చు. నిలబడిన చోటే కూలబడింది. ఇన్ని వారాలు వాళ్లందరూ తలలు వంచి మోకాళ్లు, మోకాళ్లు అంటూ అత్త మతి కోసమే అడిగినారు. దాచినానని తానొక్కతే అనుకుంది. ఊరు ఆ అబద్ధాన్ని ఆమె చేతికి తిరిగివ్వకుండా మర్యాదగా మోసింది. పట్టుబడితే ఇంత సిగ్గుండేది కాదేమో.

జీవమ్మ ఇంక పాస్టరు చెప్పేదాకా ఆగలేదు. కుర్చీని కాలితో పక్కకు నెట్టి మళ్లీ మోకాళ్లూనింది. కళ్లు మూసుకుంది. అందరూ తలలు వంచినారు. ఆమె గుడిని ఆనుకున్న మొదటి ఇంటి గడప ఎక్కింది.

ముందు మెల్లగా, కాలు జారే దోవలో నడిచినట్లు నడిచింది. రెండు మూడు ఇళ్లు బాగానే తిరిగింది. తర్వాత ఒక ఇంట్లో ఆగి, కొత్తగా కాన్పయిన బిడ్డ, బిడ్డ అని రెండుసార్లు అన్నది. రెజీనా ముందు వరసలోకి జరిగి, అత్త పక్కన మోకాళ్లూని, నిస్సీ అని చెవిలో చెప్పింది. నిస్సీ, ఆమె పసికందు అని జీవమ్మ అందుకుంది. ఇంకో ఇంట్లో ఇంకో పేరు అందించింది. సిగ్గుగానే ఉంది. అయినా ఆమె గొంతు ఈసారి పట్టుకుపోలేదు.

లేవి ఇంటి దగ్గర జీవమ్మ ఆగిపోయింది. గడప దగ్గర నిలబడి లోపల ఎవరున్నారో చూస్తున్నట్లు ముఖం ముందుకు వంగింది. రెజీనాకు ఏం అందించాలో తెలుసు. ఆ ఇంటి పేరు తన నోట పలకడానికి ధైర్యం చాలలేదు.

"నేనొక్కదాన్నే ఉండానక్కా" అన్నది వెనక నుంచి హంపమ్మ.

"ఒక్కతే ఉండే మా హంపమ్మను విడిచిపెట్టొద్దు తండ్రీ" అన్నది జీవమ్మ. పక్కింటికి పోయింది.

బోరింగు దగ్గర మళ్లుకుని, రెండో వరస ఎక్కి, చివరకు తన ఇంటికి వచ్చింది. దావీదురాజును తలుచుకుంది, ఆయన పోయినాడని ఆమెకు బాగా గుర్తుంది. కొడుకు జయకుమార్ లారీల కింద జాగ్రత్తగా ఉండేటట్లు చూడమంది. తర్వాత, "మా ఇంటికొచ్చిన బిడ్డ" అని ఆగింది.

రెజీనా ఎదురు చూసింది.

"మా ఇంటికొచ్చిన బిడ్డ..." అన్నది జీవమ్మ మళ్లీ.

పక్కనే, భుజానికి భుజం తగిలేంత దగ్గర, రెజీనా ఉంది. ఇన్ని ఇళ్ల పేర్లు అందించింది. ఈ ఒక్కటీ అందించలేకపోయింది. అబద్ధం చెప్పిన నోటితో, నన్ను దీవించమను అని తన పేరు తానే ఎట్లా చెప్పుకుంటుంది? గుడిలో ఫ్యాను తిరుగుతోంది.

"రెజీనా, అక్కా" అన్నది హంపమ్మ, కొంచెం విసుగ్గా. "రెజీనా."

"ఆ, రెజీనా" అన్నది జీవమ్మ, ఇప్పుడే ఎదురొచ్చిన మనిషిని గుర్తుపట్టినట్లు. "మా రెజీనాను సల్లగ చూడు తండ్రీ. భయస్తురాలు."

అందరూ ఆమేన్ అన్నారు. రెజీనా నొసలు బండకు ఆనించుకుని ఉంది. ఆమేన్ అనడానికి ఆమె ఒక్కదానికే నోరు రాలేదు.